ఈనస్ జూక్ ముఖం

కంటి డాక్టరు దగ్గర్నుంచి తిరిగొచ్చేటప్పుడు సలోమా అక్క చాలా దూరం దాకా నోరు విప్పలేదు. నేనూ మాటకారిని కాను. ట్రక్కు చప్పుడొక్కటే వింటూ వచ్చాం. రోడ్డుకు రెండు పక్కలా పొగాకు కోసేసిన చేలు. మోళ్ళ మధ్య పలచగా మంచు.

ఆమిష్ వాళ్ళు పాత పద్ధతులు వదలని క్రైస్తవులు, కార్లు పెట్టుకోరు. గుర్రపు బగ్గీ పోలేనంత దూరమైతే పొరుగునున్న నేనే బండి తీస్తాను. మా నాన్న కాలం నుంచీ అదే ఏర్పాటు.

"చూపు వేసవి దాకా కూడా ఆగదట," అంది చివరికి. "ఆ తర్వాత వెలుగుకీ చీకటికీ తేడా మాత్రం తెలుస్తుందట."

"విన్నాను అక్కా."

"విన్నావు. ఒక్క మాటైనా అంటావా? నీ నోరు తెరిపించడం కంటే మా ముసలి గుర్రానికి లాడం కొట్టడం తేలిక."

నవ్వాను. ఆమె నవ్వలేదు. తలకు కట్టుకున్న నల్ల బోనెట్టు అంచు కిందనుంచి రోడ్డు వంకే చూస్తోంది. కంచెలు, గాదెలు, తాళ్ళ మీద ఆరేసిన బట్టలు, అన్నిటినీ లోపల దాచుకుంటున్నట్టు చూస్తోంది.

"నీ దగ్గర పాత సిగరెట్ పెట్టెల్లో వచ్చిన ఆటగాళ్ళ కార్డులున్నాయటగా. వాటిలో మా ఈనస్ ఉన్నాడా?"

ట్రక్కు వేగం తగ్గించాను. ఆ పేరు ఆమె నోట వినడం అదే మొదలు. ఆ ఇంట్లో ఎవరి నోటా ఎప్పుడూ వినలేదు.

ఈనస్ జూక్ ఎవరో మా వైపు పాతవాళ్ళందరికీ తెలుసు. సలోమా అక్కకు చిన్నన్న. పంతొమ్మిది వందల తొమ్మిదిలో, ఇరవై ఏళ్ళ వయసులో, గడ్డి టోపీతోనే రైలెక్కి సిన్సినాటి జట్టులో బేస్‌బాల్ ఆడడానికి పోయాడు. రెండు వేసవులు పెద్ద లీగులో ఆడాడు. రెండో ఏడు ఆకులు రాలే కాలంలో విషజ్వరం వచ్చి, ఆ ఊరి అద్దెగదిలోనే పోయాడు.

అతని బ్యాటు గురించి చెప్పుకోవలసినదేమీ లేదు. చెప్పుకోవలసింది చెయ్యి గురించి. మైదానం చిట్టచివర, కంచెకు ఆనుకుని నిలబడి విసిరితే బంతి నేలకు తగలకుండా వచ్చి, పరుగెత్తేవాడు చేరవలసిన మూడో బేసు దగ్గరున్నవాడి చేతితొడుగులో పడేదట. మొదటి వేసవిలో అతను విసిరి అవుట్ చేసినవాళ్ళు లెక్కకు మించి ఉన్నారు. రెండో వేసవిలో ఆ సంఖ్య బాగా పడిపోయింది. చెయ్యి తగ్గి కాదు. బంతి అతని దగ్గరికి పోయిందంటే చాలు, ఎవడూ పరుగు తీసేవాడు కాదు. ఉన్నచోటే నిలబడిపోయేవారు. ఆ లెక్కలు ఇప్పటికీ తీసి చదువుకుంటాను.

"నా దగ్గర లేదక్కా," అన్నాను. "అతని కార్డు ఒక్క ఏడాదే వేశారు. దొరకదు."

ఆమె తలాడించింది. ఆమిష్ వాళ్ళు ఫోటోలు దిగరు. దేవుడిచ్చిన ముఖానికి నకలు తీయించుకోవడం గర్వమని వాళ్ళ నమ్మకం. ఆ ఇంట్లో పోయినవాళ్ళ ముఖాలు ఉన్నవాళ్ళ జ్ఞాపకంలో నిలవాలి తప్ప గోడ మీద నిలవవు.

"చేతులు గుర్తున్నాయి. మెడ గుర్తుంది, ఎండకు కమిలిపోయిన మెడ. నన్ను వీపున మోసుకుని తిరిగేవాడు కదా, నేనెక్కువ చూసింది వెనకనుంచే. ముఖం మాత్రం రావడం లేదు ఎల్వుడ్. ఎంత తలుచుకున్నా ఆమోస్ ముఖమే వస్తోంది." ఆమోస్ అంటే ఆమె పెద్దన్న. "ఈ కళ్ళు పోయేలోగా ఒక్కసారి చూడాలి వాణ్ణి."

"చూడ్డం తప్పు కాదా?"

"ఉంచుకోవడం తప్పు. చూడ్డం గురించి బిషప్పును అడగలేదు. అడిగితే చెప్పేస్తాడు, అందుకే అడగలేదు."

ఇంటి మలుపు దగ్గర మిగతాది చెప్పింది. ఈనస్ వెళ్ళేనాడు వాళ్ళ నాన్న గుమ్మంలో నిలబడి ఒక్కటే మాట అన్నాడట: "ఆడుకో. అది నీకూ దేవుడికీ మధ్య. ముఖం మాత్రం అమ్ముకోకు." సరేనన్నాడట ఈనస్. మరుసటి వేసవిలో దాణా కొట్టువాడు నవ్వుతూ ఒక కార్డు చాపి, "మీ వాడు సిగరెట్ పెట్టెలో కూర్చున్నాడయ్యా," అన్నాడు. వాళ్ళ నాన్న టోపీ పెట్టుకుని ఇంటికొచ్చేశాడు. ఆ పూట నుంచి ఆ పేరు ఆ ఇంట్లో లేదు. కొడుకు పోయాడని కబురొచ్చినా ఆయన సిన్సినాటికి వెళ్ళలేదు.

* * *

నా కార్డులు మా మావయ్యవి. పొగ తాగింది ఆయన, దాచింది నేను. ఒక్కొక్కటీ అగ్గిపెట్టె కంటే కాస్త పొడుగు. చలికాలంలో పశువుల పని అయ్యాక వాటిని వంటింటి బల్ల మీద పరుచుకుంటాను. మా ఆవిడ దాన్ని పేకాట అంటుంది.

వాటిలో మలాకీ ఫిన్ ఉన్నాడు. బొగ్గు గనిలోంచి నేరుగా వచ్చి బంతి విసిరినవాడు. ఒకే రోజు రెండు ఆటలూ తనే విసిరి, రెండూ గెలిచి, ఆ వేసవి దాటకుండానే భుజం పోగొట్టుకున్నాడు. తర్వాత స్క్రాంటన్ వీధుల్లో దీపాలు వెలిగించి బతికాడు, అదీ ఎడమ చేత్తో. కార్డులో అతని కుడి భుజం కొండలా ఉంటుంది. గస్ వెంట్‌జెల్ ఉన్నాడు. సిన్సినాటి జట్టులో మూడో బేసు దగ్గర పదమూడేళ్ళు నిలబడి, కీళ్ళు అరిగాక టికెట్లు చింపే పనికి అదే మైదానానికి తిరిగొచ్చినవాడు. టిమ్ డోలన్ ఉన్నాడు. అదే జట్టులో అదనపు క్యాచర్‌గా ఎంతో కాలం బల్ల మీదే కూర్చున్నాడు, ఆడింది వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని ఆటలే. అవి కూడా వంకర వేళ్ళే. బంతి తగిలి చిటికెన వేలు విరిగి బయటికి తిరిగిపోయింది.

నన్ను పట్టి ఉంచేది ఇదే. బొమ్మ తీసేనాటికి వాళ్ళకి ఏమీ తెలియదు. భుజం పోతుందని ఫిన్‌కి తెలియదు. టికెట్లు చింపుతానని వెంట్‌జెల్‌కి తెలియదు. నాకు తెలుసు. నేను గొడ్ల వాసన కొట్టే చేతులతో పట్టుకుని చూస్తుంటే, ముందున్నది తెలియకుండా వాళ్ళు నా వైపు చూస్తుంటారు. చర్చిలో కూర్చున్నప్పుడు కూడా నాకంత నిశ్శబ్దంగా ఉండదు.

జూక్ కార్డు ఎవరి దగ్గరుందో నాకు తెలుసు. పక్క ఊరు ఎఫ్రాటాలో మంగలి హోబర్ట్ దగ్గర, అద్దం పక్కన గాజు కింద ఉంటుంది. శనివారం పోయి కుర్చీలో కూర్చున్నాను.

"రారా ఎల్వుడ్. గొరిగించుకోవడానికి అక్కడేం మిగిలిందని?"

"జూక్ కావాలి."

కత్తెర ఆగింది. "నా పెళ్ళాన్ని అడుగు, ఇస్తా. జూక్‌ని ఇవ్వను."

"మలాకీ ఫిన్ తెచ్చాను."

జేబులోంచి తీసి చూపించాను. హోబర్ట్ చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. ఇరవై ఏళ్ళుగా ఫిన్‌ని అడుగుతున్నాడు. నేను ఇవ్వనంటూనే ఉన్నాను.

"ఏమైందిరా నీకు? ఒంట్లో బాగానే ఉందా?"

"వాళ్ళ చెల్లెలు చూడాలంటోంది."

హోబర్ట్ గాజు పైకెత్తి, గోటితో మెల్లగా కార్డు తీసి, కత్తి తుడిచే కాగితంలో మడిచి ఇచ్చాడు. ఇస్తూ అన్నాడు: "నాకెప్పుడూ ఒక అనుమానమే. పొగాకు చేలల్లో పుట్టినవాడు కదా. వీడేమో సారాకొట్టు ముందు నిలబడ్డవాడిలా ఉంటాడు."

పట్నం మనిషిని మారుస్తుందిలే అనుకున్నాను.

* * *

రెండు రోజులు ముసురు పట్టింది. అలాంటప్పుడే పొగాకు పదునుకొస్తుంది. ఎండిన ఆకును ముట్టుకుంటే పొడైపోతుంది. గాలిలో తేమ తగిలితే మెత్తగా, తోలులాగా అవుతుంది. అది ఉన్నంతసేపే ఆకు ఒలవాలి. ఆ పూట ఏ ఆమిష్ ఇంట్లోనూ ఎవరూ గడప దాటరు.

సలోమా అక్క వాళ్ళ ఆకు ఒలిచే గది కొట్టం కింద ఉంది. పొయ్యి మండుతోంది. కిటికీ దగ్గర ఆమె, పొయ్యి దగ్గర ఆమోస్ పెద్దాయన. ఎనభై నాలుగేళ్ళ మనిషి, గడ్డం పొట్ట దాకా. కాడను ఎడమ చేత పట్టి, కుడి చేత ఆకును ఒకే లాగుతో ఒలిచేస్తున్నాడు. చూడకుండానే పొడవును బట్టి కట్టల్లో వేస్తున్నాడు. బల్ల మీద బీట్‌రూట్ రసంలో ఊరిన గుడ్లు, కాఫీ.

"తిను ఎల్వుడ్," అంది. "మాట్లాడవు కాబట్టి నోరు ఖాళీగానే ఉంటుంది."

"తెచ్చాను అక్కా."

ఆమె చేతులు ఆగిపోయాయి. పెద్దాయన చేతులు ఆగలేదు.

"ఆమోస్," అంది, "ఈనస్ కార్డు తెచ్చాడు."

పెద్దాయన పొయ్యికి చెప్తున్నట్టు అన్నాడు: "ఆకు ఆరిపోతోంది. పని చూడండి."

పదునులో ఉన్న ఆకును వదిలి లేచిపోలేడు. వినక తప్పదు. వీపు మా వైపు తిప్పి కూర్చున్నాడు.

ఆమె చేతులు కడుక్కుని, ఏప్రానుకు తుడుచుకుని, కిటికీ దగ్గరికి జరిగింది. బోనెట్టు తీసి పక్కన పెట్టింది. లోపల తెల్ల టోపీ. నేను కాగితం విప్పి కార్డు ఆమె అరచేతిలో పెట్టాను, భూతద్దం ఇచ్చాను. వెనకంతా ఎర్రటి రంగు, ముందు తెల్ల చొక్కాలో, నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డవాడు. కింద అక్షరాలు: జూక్, సిన్సినాటి.

అరవై ఏళ్ళ తర్వాత ఒక చెల్లెలు అన్న ముఖం చూడబోతోంది, అదీ నా గొడ్లచావడి చేతుల మీదుగా.

ఆమె చాలాసేపు చూసింది. కార్డును వెలుగుకు తిప్పింది. ముఖంలో ఏమీ కదల్లేదు.

"ఎవరితను?" అంది.

"ఈనస్ అక్కా. పేరుందిగా."

"పేరుంది. ఇతను మావాడు కాదు."

"ముఖం గుర్తులేదన్నావు."

"గుర్తులేదన్నాను. గుర్తుపట్టలేనన్నానా? మా జూక్‌ల చెవులు చూశావా ఎప్పుడైనా? ఆమోస్, తల తిప్పు. అదిగో, తలుపుల్లా ఉంటాయి. ఇతనికేవీ చెవులు? తలకి అతికించినట్టున్నాయి."

కార్డు తీసుకుని చూశాను. ఎప్పుడూ పేరు చదివి ముఖం చూసేవాణ్ణి. ఆ రోజు పేరు మీద వేలు పెట్టి మూసి చూశాను. నడుం మీద చెయ్యి. ఆ చేతి చిటికెన వేలు బయటికి తిరిగి ఉంది.

లేచి ట్రక్కు దగ్గరికి పోయాను. మిగతా జట్టువాళ్ళను కూడా చూపిద్దామని కార్డుల పెట్టె ట్రక్కులో పెట్టుకుని వచ్చాను. చినుకులు పడకుండా కోటు కింద పెట్టుకుని వచ్చి, టిమ్ డోలన్ కార్డు తీసి దాని పక్కన పెట్టాను. అదే ముక్కు, అదే చెవులు, అదే చిటికెన వేలు. ఒకదాని వెనక నీలం రంగు, ఒకదాని వెనక ఎరుపు. డోలన్ రెండుసార్లు నిలబడ్డాడు. ఒకసారి తనకోసం, ఒకసారి జూక్ కోసం.

నాకు చెప్పడం చేతకాదు. మెల్లగా చెప్పాను. "ఫోటోకు పిలిచినప్పుడు ఈనస్ వెళ్ళలేదక్కా. వాళ్ళకి ఎవరో ఒకరు నిలబడాలి. బల్ల మీద ఖాళీగా కూర్చునే డోలన్ నిలబడ్డాడు."

ఆమె రెండు కార్డులూ మార్చి మార్చి చూసింది.

"నాన్నకి మాటిచ్చాడు," అంది.

"అవును."

"మాట నిలబెట్టుకున్నాడు."

"అవునక్కా."

"మరి నాన్న..." అని ఆగింది. ఆగిన తర్వాతది నాకూ అర్థమైంది. దాణా కొట్టులో చాపిన కార్డును ఆయన ఒక్కసారి చూసి ఉంటే తెలిసిపోయేది. తండ్రికి తెలియదా కొడుకు ముఖం? చూడకూడదు కాబట్టి చూడలేదు. ఆయనే కాదు, ఆ సంఘంలో ఒక్కరూ చూడలేదు. అందరూ అంత నిష్ఠగా కళ్ళు తిప్పుకున్నారు.

పొయ్యి దగ్గర ఆకు చప్పుడు ఆగిపోయింది. పెద్దాయన మా వైపు తిరగలేదు. చేతిలో కాడ అలాగే ఉంది.

సలోమా అక్క కళ్ళు తుడుచుకుంది. ఏడుపో, చూసి చూసి వచ్చిన నీళ్ళో తెలియదు. "అయితే మావాడు ఎక్కడా లేడన్నమాట," అంది. "చూడకుండానే పోతాయి ఈ కళ్ళు."

పెట్టెలో సిన్సినాటి వాళ్ళవన్నీ ఏరి కిటికీ గట్టు మీద వరసగా పెట్టాను. ఏదో ఒకటి చెయ్యాలని చేశానంతే. చివర్లో వెంట్‌జెల్ కార్డు పెట్టాను. అది మిగతావాటి కంటే వెడల్పు. బొమ్మ కాదు, ఆడుతుండగా తీసిన ఫోటో. దుమ్ము లేపుకుంటూ జారి వస్తున్నవాడు, మీదకి వంగి చేతితొడుగు ఆనించిన వెంట్‌జెల్. కింద "మూడో బేసు దగ్గర అవుట్" అని ఉంటుంది. ఆ దుమ్మంటే నాకు చాలా ఇష్టం. రేణువు రేణువూ కనిపిస్తుంది. నలభై ఏళ్ళుగా దాన్ని చూస్తున్నాను.

ఆమె ఒక్కొక్కటే భూతద్దం కింద పెట్టి చూస్తూ వచ్చింది. వెడల్పు కార్డు దగ్గర ఆగింది. దుమ్మును చూడ్డం లేదు. అద్దాన్ని పైకి జరిపింది, ఫోటో అంచుకు, దూరంగా కంచె ఉన్న చోటుకి. ఆమె నోరు కొద్దిగా తెరుచుకుంది.

"ఇతనెవరు?"

వంగి చూశాను. కంచె ముందు ఒక మనిషి. గోరంత కూడా లేడు. మైదానం చివర కాపు కాసేవాడు. మైదానంలో ఉన్న ప్రతివాడూ మూడో బేసు వంక చూస్తున్నాడు. ఇతనొక్కడే వీపు చూపిస్తున్నాడు. కాళ్ళు ఎడంగా, మడమలు పైకి లేపి, అంత చదునైన గడ్డి మీద ఏదో రెండు దూలాల మీద నిలబడ్డట్టు నిలబడ్డాడు.

"మా కొట్టంలో పొగాకు ఆరవేసే పై వరస వాడిదే," అంది ఆమె. "కింద నుంచి కర్రకు గుచ్చిన మొక్కలు అందిస్తుంటే వాడు రెండు దూలాల మీద చెరో కాలు వేసి అందుకునేవాడు. రోజంతా. నేల మీదికి దిగినా అలాగే నిలబడేవాడు. నాన్న కోప్పడేవాడు, కింద పడవులే, కాళ్ళు దగ్గర పెట్టు అని." ఆమె వేలు ఫోటోకి తగలకుండా గాలిలో ఆగింది. "అదిగో మెడ."

అప్పుడు నాకు మిగతాది కనిపించింది. బంతి వెంట్‌జెల్ చేతితొడుగులో ఉంది. ఎక్కడినుంచి వచ్చింది? ఆ దూరం నుంచి. విసిరింది అతనే. విసిరి, మూడో బేసు వెనకాల కెమెరా నిలబెట్టి ఉందని తెలిసి, తన బంతి ఏమైందో చూడకుండానే వెనక్కి తిరిగాడు. ఆ రోజు ఎన్ని వేలమంది వచ్చారో అంతమందీ చూసినదాన్ని, చేసినవాడొక్కడే చూడలేదు.

అంత చెయ్యి ఉన్నవాడు. అంత చిన్న మాట కోసం.

పెట్టెలోని వాళ్ళందరూ నా వైపు చూస్తూనే ఉన్నారు ఇన్నేళ్ళూ. ఇటు తిరగని ఒక్కడు వాళ్ళ వెనకే నిలబడి ఉన్నాడు.

సలోమా అక్క వెలుగు మారేదాకా చూసింది. తర్వాత భూతద్దం మడిచింది.

"చాలు," అంది.

"ముఖం లేదుగా అక్కా."

"వాడే తిప్పుకున్న ముఖాన్ని నేనెందుకు వెతకాలి? నేను చూసింది ఎప్పుడూ ఇంతే. ఈ వీపు మీదే పెరిగాను." కార్డు నా చేతికిచ్చేసింది. "తీసుకుపో. మేం ఉంచుకోం."

నేను కార్డును పెట్టెలో పెట్టబోతున్నాను. స్టూలు నేల మీద ఈడ్చిన చప్పుడైంది. ఆమోస్ పెద్దాయన లేచి నిలబడ్డాడు. ఒడిలోని ఆకు కిందపడింది. దాన్ని చూసుకోలేదు. వచ్చి చెయ్యి చాపాడు. పొగాకు జిగురుతో నల్లబడిన చెయ్యి. ఒక్క క్షణం సందేహించి కార్డు అంచులు పట్టుకుని చూపించాను.

ఆయనకు భూతద్దం అక్కర్లేదు. దూరపు చూపు బాగుంది. చెయ్యంత దూరంలో నన్ను నిలబెట్టి, గడ్డం పక్కకు తీసి, చూశాడు. చాలాసేపు చూశాడు. అలా చూస్తుండగానే, ఆయనకు తెలియకుండానే, ఆ ముసలి కాళ్ళు ఎడంగా జరిగాయి. మడమలు కొంచెం లేచాయి.

"ఈనస్," అన్నాడు.

సలోమా అక్క కిటికీ వైపు తిరిగింది.

పెద్దాయన, జారి వస్తున్నవాడి మీదికి వేలు చూపించాడు.

"ఇంతకీ వీడు అవుటయ్యాడా?"

"అయ్యాడు పెద్దాయనా," అన్నాను.

ఆయన తలాడించాడు. పోయి, కిందపడ్డ ఆకు ఏరుకుని, పొయ్యి దగ్గర కూర్చుని, ఆరిపోకముందే ఒలవడం మొదలుపెట్టాడు. ఈసారి మా వైపు తిరిగి కూర్చున్నాడు.